మర్ఫీలందరూ ఒకే వంశమా? ముందున్న 'ఓ' ఏమైంది?

కార్క్_శ్రీను:
నేను ఐర్లాండ్‌లోని కార్క్‌లో మందుల షాపులో పనిచేస్తాను. మర్ఫీ ఇక్కడ చాలామందికి ఉన్న ఇంటిపేరు. కౌంటర్ దగ్గర నిలబడి "మర్ఫీ" అని పిలిస్తే ఒక్కోసారి ముగ్గురు లేచి వస్తారు. అందుకే ముందు పుట్టినతేదీ అడుగుతాం, ఆ తర్వాత వీధి పేరు. నిన్న అలా ఇద్దరు పెద్దవాళ్లు పక్కపక్కన నిలబడ్డారు. మీరూ మీరూ చుట్టాలా అని అడిగాను. ఒకాయన "మాది ఇక్కడి కార్క్ మస్కెరీ, వాళ్లది వెక్స్‌ఫర్డ్, సంబంధమే లేదు" అన్నాడు. రెండో ఆయన ఒప్పుకోలేదు, మర్ఫీలంతా తూర్పు ఐర్లాండ్‌ను ఏలిన లెన్స్టర్ రాజుల సంతానమేనన్నాడు. టూరిస్టుల షాపుల్లో మాత్రం మర్ఫీలందరికీ కలిపి వంశ గుర్తు అంటూ ఒకే డాలు బొమ్మ అమ్ముతున్నారు. పాతకాలంలో ఈ పేరు ముందు 'ఓ' ఉండేదట, అదేమైంది? తెలిసినవాళ్లు చెప్పండి.

వెక్స్‌ఫర్డ్_ప్రసాద్:
శ్రీనూ, ఒకే వంశం కాదు. మర్ఫీకి మూలమైన మురఖా అనేది పాతకాలంలో మగవాళ్లకు బాగా పెట్టుకున్న పేరు. సముద్రం, యుద్ధం అనే రెండు మాటలు కలిసి ఏర్పడింది. ఆ పేరున్న మనిషి ఎక్కడుంటే అక్కడ అతని మనవలు ఓ మురఖా అయ్యారు, కొడుకులు మాక్ మురఖా అయ్యారు. వెక్స్‌ఫర్డ్‌లో 'ఈ ఫెల్మే' అనే వంశం వాళ్లు ఉన్నారు, బలాఖీన్ ప్రాంతం వాళ్లది. ఉత్తరాన టైరోన్, ఆర్మా వైపు ఉన్నవాళ్లు 'మాక్' వాళ్లు. రాస్‌కామన్‌లో ఇంకో కొమ్మ. కార్క్ వాళ్లు వెక్స్‌ఫర్డ్ నుంచి వచ్చారనేవాళ్లూ ఉన్నారు, విడి వంశమనేవాళ్లూ ఉన్నారు.

లెన్స్టర్ రాజు డెర్మాట్ మాక్ మురఖా సంగతి వేరు. 1166లో దేశం నుంచి తరిమేస్తే నార్మన్ సైనికులను వెంటబెట్టుకుని తిరిగొచ్చి, 1171లో ఫెర్న్స్‌లో పోయాడు. ఆ ఇంటివాళ్లు మాక్‌మరో అయ్యారు, మర్ఫీ కాదు. పేరు ఒకటైనంత మాత్రాన రక్తం ఒకటి కాదు.

డాలు బొమ్మ విషయం: ఆ గుర్తును ఒక మనిషికి ఇస్తారు. ఇంటిపేరు కలిసినవాళ్లందరికీ చెందదు.

గుంటూరు_రవి:
ఐర్లాండ్‌లో ఎక్కువమంది ఉన్న ఇంటిపేరు ఇదేనా? ఓ బ్రయన్ అనుకున్నాను.

వెక్స్‌ఫర్డ్_ప్రసాద్:
ఇదే. 1890 జననాల లెక్కల నుంచి మాథ్‌సన్ అనే రిజిస్ట్రారు వేసిన అంచనాలో మర్ఫీలు 62,600 మంది, కెల్లీలు 55,900 మంది. ఈ మధ్య నమోదైన పిల్లల్లోనూ మర్ఫీలే ముందున్నారు.

డబ్లిన్_సుజాత:
అంకెలు బాగానే ఉన్నాయి. శ్రీను రెండో ప్రశ్న అడిగాడు, 'ఓ' ఏమైందని. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. అది తనంతట తాను ఊడిపోలేదు, ఊడబెరికారు. 1465లో ఇంగ్లీషువాళ్లు చట్టం చేశారు. ఐరిష్ వాళ్లు ఏదైనా ఊరి పేరో, తెలుపు నలుపు లాంటి రంగు పేరో, కమ్మరి, వడ్రంగి లాంటి పని పేరో ఇంటిపేరుగా పెట్టుకోవాలని అందులో రాశారు. మనిషి పేరు మీద చట్టం చేశారంటే ఏమనుకోవాలి?

వెక్స్‌ఫర్డ్_ప్రసాద్:
సుజాత గారూ, ఆ చట్టం నాలుగు కౌంటీలకే, అంటే జిల్లాలకే. డబ్లిన్, మీత్, లౌత్, కిల్డేర్. అందులో వెక్స్‌ఫర్డ్ లేదు, కార్క్ లేదు. మర్ఫీలకు దానితో సంబంధం లేదు.

గుంటూరు_రవి:
అమెరికాలో దిగినప్పుడు న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ఐలండ్ గుమస్తాలు పేర్లు కత్తిరించారంటారు కదా?

మాడిసన్_కిరణ్:
అది కట్టుకథ రవీ. ఓడ ఎక్కేటప్పుడే తయారైన జాబితా చూసి వాళ్లు పిలిచేవాళ్లు. పైగా ఎల్లిస్ ఐలండ్ తెరిచింది 1892లో, మొదట దిగింది కార్క్ నుంచి వచ్చిన ఆనీ మూర్ అనే అమ్మాయి. ఐర్లాండ్‌లో పెద్ద కరవు 1845లోనే మొదలైంది. ఆ కరవులో పారిపోయి వచ్చిన మర్ఫీలకు అప్పటికే 'ఓ' లేదు.

డబ్లిన్_సుజాత:
ప్రసాద్ గారూ, నాలుగు కౌంటీలు అని పట్టుకు కూర్చుంటే ఎలా? చట్టం లేని చోట గుమస్తా ఉన్నాడు. ఇంగ్లీషు సేనాని క్రామ్‌వెల్ దండెత్తాక ఐరిష్ వాళ్ల భూములు పోయాయి, కోర్టు కాగితాలు ఇంగ్లీషులో, కౌలు పట్టా ఇంగ్లీషులో. 'ఓ' పెట్టుకుని జమీందారు గుమ్మం ముందు నిలబడితే కౌలు దొరుకుతుందా? గుమస్తా చెవికి ఎలా వినపడితే అలా రాశాడు, అదే మిగిలింది.

ఇది నాకు పుస్తకంలో చదివిన సంగతి కాదు. నేను నర్సుని. నేను పనిచేసే చోట చేరినరోజు నా ఇంటిపేరును మొదటిపేరు గడిలో వేశారు, నాన్నగారు పెట్టిన పేరు సగానికి తెగిపోయింది. బ్యాడ్జి మీద ఆ ముక్కే అచ్చయింది. సరిచేయమని రాస్తే "సిస్టంలో ఇంతే పడుతుంది" అన్నారు. ఇప్పుడు వార్డులో అందరూ నన్ను పిలిచే పేరు మా ఇంట్లో ఎవరిదీ కాదు.

వెక్స్‌ఫర్డ్_ప్రసాద్:
మీకు జరిగింది తప్పే. కానీ మీ బ్యాడ్జి 1465కి సాక్ష్యం కాదు. చట్టం వేరు, జనం అలవాటు వేరు, రెండూ కలపొద్దు. ఇంగ్లీషు పాలన మీద 1798లో జరిగిన తిరుగుబాటులో వెక్స్‌ఫర్డ్ జనాన్ని నడిపించిన పాదిరి, బూలవోగ్ ఫాదర్ జాన్ మర్ఫీ. టల్లోలో ఉరి తీశారు. ఆయన పేరు ముందు 'ఓ' లేదు. ఆయన ఐరిష్‌తనం తగ్గిందా?

డబ్లిన్_సుజాత:
ఆయన త్యాగం ఎవరు కాదన్నారు? 'ఓ' అక్కర్లేదనడానికి ఆయన్ని అడ్డు పెట్టుకోకండి. ఐరిష్ ఇంటిపేర్ల మీద అందరికన్నా పెద్ద పండితుడు ఎడ్వర్డ్ మాక్‌లైసాట్ పుట్టినప్పుడు లైసాట్ మాత్రమే. 1920లో 'మాక్' తిరిగి పెట్టుకున్నాడు. 1893లో ఐరిష్ భాషను నిలబెట్టడానికి గేలిక్ లీగ్ అనే సంఘం వచ్చాక సలివన్లు ఓ సలివన్లయ్యారు. వాళ్లకు అక్కర్లేకపోతే ఎందుకు తెచ్చుకున్నారు?

వెక్స్‌ఫర్డ్_ప్రసాద్:
తెచ్చుకున్నవాళ్లు తెచ్చుకున్నారు, మర్ఫీలు తెచ్చుకోలేదు. వెక్స్‌ఫర్డ్‌లో 'ఓ మోర్కో' అని ఒక ఇంటివాళ్లు పాత రూపానికి వెనక్కి వెళ్లారు. మిగతావాళ్లు మర్ఫీగానే ఉన్నారు, ఎవరూ బలవంతపెట్టలేదు. మీరు ప్రతిదానిలో బాధితులను వెతుకుతున్నారు.

డబ్లిన్_సుజాత:
బాధితులను వెతుకుతున్నానా? పోయిన ఏడాది ఇదే వేదికలో మీరే రాశారు, మీ అబ్బాయి పాస్‌పోర్టులో ఇంటిపేరు తీయించేశామని. అందుకే మీకు ఈ మాట గుచ్చుకుంటోంది. పోయిన పేరు దానంతట అదే పోయిందని తేలితే మీకు నిద్ర పడుతుంది.

మాడిసన్_కిరణ్:
కాస్త నెమ్మది ఇద్దరూ.

వెక్స్‌ఫర్డ్_ప్రసాద్:
కిరణ్, ఉండు. అమ్మా సుజాతా, రాసింది నిజమే, దాచలేదు. మా ఇంటిపేరు ఇక్కడ ఎవరి నోరూ తిరగని పేరు. హాజరు పిలిచేటప్పుడు టీచరు ఆ పేరు దగ్గర ఆగడం, క్లాసంతా వీడి వైపు తిరగడం. ఇంటికొచ్చి రోజూ ఏడ్చేవాడు. వాడి తండ్రిగా నేను నిర్ణయం తీసుకున్నాను. ఏ దొరా చెప్పలేదు. దాన్ని బలవంతం అంటే నేను ఒప్పుకోను. అలా అంటే నా బిడ్డ కోసం నేను ఆలోచించనే లేదని అన్నట్టు.

డబ్లిన్_సుజాత:
ఆలోచించలేదని అనలేదండీ. పిల్లాడు ఏడిస్తే మారాల్సింది పిల్లాడి పేరా, టీచరు నోరా అన్నదే నా ప్రశ్న. కౌలు కోసం 'ఓ' వదిలిన ఆ రైతు కూడా పిల్లల గురించే ఆలోచించి ఉంటాడు. ఇష్టపడి వదిలాడని మీరంటారు. వేరే దారి ఉంటే వదిలేవాడు కాదని నేనంటాను. మన గొడవ ఇంతే, నాలుగు కౌంటీలు కాదు.

గాల్వే_లత:
మా పాప ఐరిష్ మీడియం స్కూల్లో చదువుతోంది. దాని స్నేహితురాలు ఇంటి దగ్గర మర్ఫీ, స్కూలు రిజిస్టర్‌లో ఐరిష్ రూపం 'నీ వురఖూ'. తండ్రి 'ఓ మురఖూ', తల్లి 'ఈ వురఖూ'. పెళ్లికాని ఆడపిల్లకు 'నీ', భార్యకు 'ఈ'. ఒకే ఇంట్లో మూడు రూపాలు. టీచరు పిలిస్తే ఒక పేరుకు పలుకుతుంది, బస్సులో డ్రైవరు పిలిస్తే ఇంకో పేరుకు. ఆ పాపకు రెండూ తనవే. మర్ఫీలు 'ఓ'ను ఇంగ్లీషు రూపంలో తేకపోయినా, ఐరిష్ రూపంలో వదల్లేదు. ఈ సంగతి మీ ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

కార్క్_శ్రీను:
లత అక్కా, ఇది నాకు కొత్త. మా కౌంటర్ దగ్గర ఆ రెండో ఆయన రాజవంశం కాగితం మీద చూపిస్తానంటున్నాడు. కుదురుతుందా?

మాడిసన్_కిరణ్:
కష్టం. జననాలు అందరివీ నమోదు కావడం 1864 నుంచే. 1922లో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ దగ్గరి రికార్డుల భవనం తగలబడి పాత జనాభా లెక్కలు చాలావరకు పోయాయి. 1901, 1911 లెక్కలు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. అంతకు ముందుకు వెళ్లాలంటే చర్చి బాప్తిస్మం పుస్తకాలు వెతకాలి. వాటిలో ఒకే ఊళ్లో ఒకే పేరుతో అయిదారుగురు మర్ఫీలు కనిపిస్తారు. తల్లి పుట్టింటి పేరు చూసి విడదీసుకోవాలి.

డబ్లిన్_సుజాత:
ప్రసాద్ గారూ, ఒక్క మాట అడుగుతాను, కోపం వద్దు. రేపు అబ్బాయి తన ఇంటిపేరు తిరిగి పెట్టుకుంటానంటే సంతకం పెడతారా?

వెక్స్‌ఫర్డ్_ప్రసాద్:
పద్దెనిమిది నిండితే నా సంతకం అక్కర్లేదమ్మా, పేరు మార్చుకునే పత్రం, డీడ్ పోల్, వాడే వేసుకోవచ్చు. అంతకు ముందే అడిగితే పెడతాను, ఖర్చూ నేనే పెట్టుకుంటాను. 1465 చట్టం మాత్రం నాలుగు కౌంటీలకే.