అప్‌డేట్: గోండి లిపి లెక్చర్‌కి వెళ్లొచ్చాను

లింగ్విస్టిక్స్ చదవనివాళ్లని డిపార్ట్‌మెంట్ లెక్చర్‌కి రానిస్తారా అని అడిగాను కదా, రానిచ్చారండి, గేటు దగ్గర ఐడీ చూపిస్తే చాలు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల గురించి, వాటిలోని గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి (కంప్యూటర్లు, ఫోన్లలో అన్ని భాషల అక్షరాలకూ వాడే ప్రమాణంలోకి) ఎక్కడం గురించి ముందే విన్నాను, కానీ ఒక పాత పేజీని తెర మీద పెద్దది చేసి, ఏ గీత అక్షరం, ఏది గుణింతం అని విడదీసి చూపిస్తుంటే కళ్లు తిప్పుకోలేకపోయాను. 1918లో మున్షీ మంగళ్‌సింగ్ మసరాం తయారుచేసిన మసరాం గోండి వేరే లిపి, రెండూ కలిపేయకండి. ఒక గోండు విద్యార్థిని తన పేరు గుంజాల లిపిలో టైప్ చేస్తే హాలంతా చప్పట్లే. సగం కుర్చీలు ఖాళీగా ఉండటం మాత్రం బాధేసింది. మళ్లీ లెక్చర్ ఉంటే ఇక్కడే చెప్తాను, రండి.