భాకరాపేట పక్కన మట్టి ఇల్లు: నేల ధరకే ఇచ్చేయాలా, ఇంటికీ ధర అడగాలా?

తోపులో ఇల్లు:
అందరికీ నమస్కారం. తలకోన దారిలో, ఊరికి దూరంగా, ఎకరంన్నర మామిడి తోపులో మా ఇల్లుంది. అక్కడి మట్టికే కొంచెం సిమెంటు కలిపి మిషన్లో నొక్కిన ఇటుకలతో కట్టాం. గోడలకు సున్నం పూత. స్లాబులో కాంక్రీటు పనిలేని చోటల్లా మంగళూరు పెంకులు పెట్టించాం, అందుకే మే నెల మధ్యాహ్నం కూడా ఇల్లు ఉడకదు. వాననీళ్లకు సంపు ఉంది, కరెంటు మొత్తం సోలారే. మా ఆవిడకు గుండె ఆపరేషన్ అయ్యాక తిరుపతిలో ఉండక తప్పడం లేదు, అర్ధరాత్రి భాకరాపేట ఘాటు దిగి స్విమ్స్ ఆస్పత్రికి పోవాలంటే ప్రాణం గుప్పెట్లో పెట్టుకోవాలి. అమ్మకానికి పెడితే వచ్చినవాళ్లంతా "సెంటు ఎంత" అని అడిగి గేటు దగ్గర్నుంచే వెనక్కి పోతున్నారు. బెంగళూరు పార్టీ ఒకరు నేలకు మంచి ధరే చెప్పారు గానీ, ఇల్లు కొట్టేసి కాటేజీలు వేస్తారట. ఇచ్చేయమంటారా, ఆగమంటారా?

చంద్రగిరి బ్రోకర్:
ఇచ్చేయండి అన్నా. బాధగా ఉంటుంది, తెలుసు, కానీ మన దగ్గర కొనేవాడు మట్టి ఇల్లు అనగానే పాత ఇల్లు అనే అనుకుంటాడు. రిజిస్ట్రేషన్ లెక్కల్లో కూడా మట్టి గోడలకు కట్టే విలువ ఆర్‌సీసీ కంటే తక్కువే. లోన్ కావాలంటే బ్యాంకువాళ్లు ముందు అప్రూవ్డ్ ప్లాన్ అడుగుతారు, తర్వాత వాళ్ల ఇంజినీరు వచ్చి గోడ తట్టి చూసి సగం విలువ రాస్తాడు. అంటే మీ ఇల్లు కొనాలంటే మొత్తం క్యాష్ ఉన్నవాడే రావాలి. అంత క్యాష్ ఉన్నవాడికి మీ ఇల్లు కాదు, మీ కొండ వ్యూ కావాలి.

మదనపల్లె అక్క:
నేను ఒప్పుకోను. మేమూ ఇలాంటి ఇంట్లోనే ఉంటున్నాం. ఇటుకను నిలువుగా పెట్టి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ పద్ధతిలో కట్టాం. మామూలు గోడతో పోలిస్తే ఇటుక పాతిక శాతం దాకా తగ్గుతుంది, ఆ ఖాళీలో గాలి ఎండను ఆపుతుంది. చంద్రగిరిలో రాజమహల్ చూడండి, కట్టెవాసం వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టింది, శతాబ్దాలుగా నిలబడే ఉంది. సున్నం పాతకాలం సరుకు అని ఎవరన్నారు? సార్, గేటు దగ్గర ధర మాట్లాడొద్దు. వచ్చినవాళ్లను ఒక రాత్రి ఉండమనండి. 2021 నవంబరు వానలకు రాయలచెరువు తెగుతుందేమోనని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేశాయి కదా, ఆ వానలో మీ గోడ ఎలా ఉందో ఫోటోలుంటే అవి చూపించండి. మా ఇంట్లో ఆ వానకు ఉత్తరం వైపు గోడ అడుగున మాత్రం పూత పొరలు పొరలుగా లేచింది, మేస్త్రీ వచ్చి మళ్లీ సున్నం కొట్టి పోయాడు, అంతే. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, చుట్టాలకు కూడా చూపిస్తాను.

చంద్రగిరి బ్రోకర్:
అక్కా, మచ్చలు చూపిస్తే ఇల్లు అమ్ముడుపోతుందా? ఏనుగుల సంగతి కూడా చెప్పమంటారా?

మదనపల్లె అక్క:
చెప్పాల్సిందే. శేషాచలం అంచున తోపు కొనేవాడికి ఏనుగులు దిగి చెట్లు విరిచేస్తాయని, పాములుంటాయని, సోలార్ బ్యాటరీలు కొన్నేళ్లకు మార్చాలని చెప్పకుండా అమ్మితే, వాడు మొదటి వానాకాలానికే పారిపోతాడు, ఇల్లు పాడుబడుతుంది. అన్నీ విని కూడా కొంటానన్నవాడే ఆ ఇంట్లో ఉంటాడు.

చిత్తూరు ప్లీడరు:
ఇద్దరూ ఇంటి గురించే కొట్లాడుకుంటున్నారు, కాగితాలు ఎవరూ అడగలేదు. ఆ ఎకరంన్నరలో డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి ముక్క ఏమైనా ఉందా? ఉంటే 1977 అసైన్డ్ భూముల చట్టం అడ్డురావచ్చు, ముందు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల లిస్టులో సర్వే నంబరు ఉందేమో చూసుకోండి. ఈసీ (భూమి మీద అప్పులు, లావాదేవీలు చూపే కాగితం), రెవెన్యూ రికార్డులైన 1బి, అడంగల్ తీసి పెట్టుకోండి. ఇల్లున్న భాగానికి కన్వర్షన్, అంటే వ్యవసాయేతర భూమిగా మార్పు, అయిందా లేదా అన్నది కూడా ముఖ్యం. మున్సిపాలిటీలకు దూరంగా పల్లెలో ఉన్న వ్యవసాయ భూమి అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ ట్యాక్స్ (అమ్మకంలో వచ్చిన లాభం మీద పన్ను) పడదు, ఇంటికి పడుతుంది, కాబట్టి నేలకు ఎంత, ఇంటికి ఎంత అని ముందే ఆడిటర్‌తో మాట్లాడి రాసుకోండి. ఇంటికి వేరే ధర అడగడం తప్పా అని మథనపడక్కర్లేదు, లెక్క ప్రకారం ఎలాగూ విడదీయాల్సిందే. ఇంకో మాట, అమెరికాలో ఉన్న ఎన్నారై ఎవరైనా ఇష్టపడితే తొందరపడి అడ్వాన్సు తీసుకోవద్దు, వాళ్లు వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనడానికి ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) రూల్స్ ఒప్పుకోవు.

చంద్రగిరి బ్రోకర్:
ప్లీడరు గారు చెప్పింది కరెక్టు. నేను మాత్రం నా మాట మీదే ఉంటాను. ఇంట్లో మనిషికి ఆరోగ్యం బాగాలేనప్పుడు మంచి కొనుగోలుదారు కోసం ఏళ్ల తరబడి కూర్చోకూడదు. ఎవరూ ఉండని మట్టి ఇంటికి చెదలు ఎంత తొందరగా పడతాయో మీకు తెలియనిది కాదు.

తోపులో ఇల్లు:
చెదల మాట నిజమే, పెద్ద తలుపు దారబందం అడుగున ఇప్పటికే సన్నటి మట్టి గీత లేచింది. ప్లీడరు గారూ, మాది మొత్తం పట్టా భూమే, ఇల్లున్న పది సెంట్లకు కట్టేటప్పుడే కన్వర్షన్ చేయించాం, ఈసీ కొత్తది తీస్తాను. నేను అనుకున్నది ఇది. బెంగళూరు వాళ్లు చెప్పిన దానికంటే కొంచెం తక్కువైనా, ఇంట్లో కాపురం ఉండేవాళ్లు వస్తే వాళ్లకే ఇస్తాను. ఏనుగులు, బ్యాటరీలు, ఆస్పత్రి దూరం అన్నీ కాగితం మీద రాసి ముందే చేతిలో పెడతాను. సంక్రాంతి దాకా చూస్తాం, మా ఆవిడ కూడా అదే అంటోంది. అప్పటికీ ఎవరూ రాకపోతే ఆ పార్టీకే ఇచ్చేస్తాను, కానీ తలుపులు, కిటికీలు, మంగళూరు పెంకులు విప్పి తీసుకుపోయే హక్కు నాకు ఉండేలా అగ్రిమెంటులో రాయించుకుంటాను. అలా రాయించుకోవచ్చు కదా ప్లీడరు గారూ?

చిత్తూరు ప్లీడరు:
రాయించుకోవచ్చు. అడ్వాన్సు తీసుకోకముందే రాయించండి.