కొలరాడోలో మొదటి జింక వేట: లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కితే సరిపోతుందా?

నల్లగొండ బత్తాయి:
ఉండేది డల్లాస్‌లో, హెచ్‌1బీ మీద. నాన్న మోకాలి ఆపరేషన్ కోసం నెల రోజులు నల్లగొండలో ఇంటికొచ్చా. ఏప్రిల్‌లో ఆఫీసు ఫ్రెండ్‌తో కలిసి కొలరాడో డ్రాలో (వేట పర్మిట్ల లాటరీ) పేరు వేస్తే మ్యూల్ డీర్ ట్యాగ్, అంటే ఆ రకం జింకను వేటాడే పర్మిట్, వచ్చింది (మ్యూల్ అంటే కంచర గాడిద, చెవులు అలాగే ఉంటాయి). హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు టెక్సాస్‌లోనే చేశా. అక్టోబరు చివర రైఫిల్ సీజన్. పదివేల అడుగుల ఎత్తు, బండ్లు పోవు, అంతా నిట్టనిలువు కొండలు. రోజూ పొద్దున మా ఊరి లతీఫ్ సాబ్ గుట్ట రెండుసార్లు ఎక్కి దిగుతున్నా. చాలుతుందా? అమ్మకు ఇంకా చెప్పలేదు.

అచ్చంపేట సైకిల్:
అన్నా, నేను నల్లమల అడవిలోని సలేశ్వరం నాలుగుసార్లు పోయొచ్చా. లోయలోకి దిగేటప్పుడే మోకాళ్లు వణుకుతాయి. చేతికర్ర అలవాటు చేసుకో. ఖాళీ వీపుతో గుట్ట ఎక్కితే అది వాకింగే.

డెన్వర్‌లో జడ్చర్ల:
తమ్ముడూ, గుట్ట సంగతి తర్వాత, ముందు కాగితాలు చూసుకో. మన వీసా మీద తుపాకీ ముట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటేనే మినహాయింపు. ఫ్రెండ్ రైఫిల్‌తో ప్రాక్టీసుకు పోయేముందే లాయర్‌ని అడుగు. వేటలో ఒంటి మీద నడుము పైన, టోపీతో కలిపి 500 చదరపు అంగుళాల మెరిసే ఆరెంజ్ గానీ పింక్ గానీ బట్ట ఉండాలి.

ఇక నా తప్పు చెప్తా. మొదటి ఏడు పొద్దుగూకే వేళ లోయ అడుగున ఉన్న జింకను కొట్టా. ఎముకలు తీసేసినా ముప్పై కిలోల మాంసం. వదిలేసి రావడం నేరం. ఇద్దరం పైకి చేరేసరికి అర్ధరాత్రి, కింద ఇంకో సంచి మిగిలే ఉంది. అప్పటినుంచి మోసే దారి చూశాకే గురి చూస్తున్నా. రెండు రోజులు ముందే రా, ఆ ఎత్తుకు తలనొప్పి రావచ్చు.

మునుగోడు:
ఫోటోలు ఊరి గ్రూపులో పెట్టకు. ఇక్కడ వేట నేరం, అది కొలరాడో అని ఎవరికి చెప్తావ్?

నల్లగొండ బత్తాయి:
థాంక్స్ అన్నా. లాయర్‌కు మెయిల్ పెట్టా. ఇవాళ పది కిలోల ఇసుక సంచిలో వేసుకుని ఎక్కా, దిగేటప్పుడు రెండుచోట్ల కూర్చున్నా. పైన ఒక ముసలాయన సంచి తడిమి చూసి, "ఇసుక మోస్తున్నవ్, దర్గాకు ఏమన్న కట్టిస్తున్నవా బిడ్డా?" అన్నాడు.