‘చేతనైన సాయం’: ఇందులో ఉన్నది చేతనా, చేయా?

‘చేతనైనంత సాయం’ అన్న మాటలోని ‘చేతన’ సంస్కృతమే కదా, చైతన్యం గలవాడు తన ఇచ్ఛతో చేసేదే కదా సాయమంటే, అని విజయనగరం సభ్యులొకరు అడిగారు. ఊహ చక్కగా ఉన్నది గాని వ్యాకరణం ఒప్పుకోదు. ‘చేతన్ + ఐన + అంత’ అన్నదే సరైన విరుపు, ఇందులోని ‘చేత’ మన చేయియే. కాని పనిని మనం ‘చేతకాదు’ అంటాము తప్ప ‘చేతన కాదు’ అనము, ఆ ఒక్క సాక్ష్యం చాలును.

ఈ ‘చేత’యే తృతీయా విభక్తియై ‘రామునిచేత’ అన్నప్పుడు కర్తను పట్టి చూపుతుంది. అంటే, పని ఎవరిదో తేల్చవలసి వచ్చినప్పుడు తెలుగు మనసును గాక చేతినే పిలిచింది. సంస్కృతంలోనూ ‘కరము’ను ‘చేయు’ అనే అర్థం గల ‘కృ’ ధాతువుకే ముడిపెడతారు, ‘పాణి’ని, అనగా చేతిని, కర్మేంద్రియాలలో లెక్కిస్తారు. రోమనుల న్యాయంలో భార్యపై భర్త అధికారానికి ‘మనుస్’, అనగా చేయి, అనే పేరుండేది. బానిసను విడిపించడాన్ని చెప్పే వారి మాటకు ‘చేతినుండి వదలడం’ అని అర్థం. పట్టినా వదిలినా అది యజమాని చేయే, విడుదలయ్యేవాని చేతికి ఆ మాటలో చోటు లేదు.

మన ‘చేతులారా’ మాత్రం ఎవరి చేతిని వారికే అప్పగిస్తుంది. ‘చేతులారంగ శివునిఁ బూజింపఁడేని’ అన్న పోతన పద్యంలో అది కన్నులారా, నోరారా వంటి తనివి. అదే మాటను ‘చేతులారా చెడగొట్టుకున్నావు’ అంటూ పెద్దలు వాడితే తనివి పోయి నేరారోపణ మిగులుతుంది: తెలిసి చేశావు, తప్పించుకోలేవు అని.

చేయి పేరెత్తితే పని ఆ మనిషి తెలిసి చేసినదే అన్న ఈ వాదానికి అడ్డుపడేది ‘చేయి తిరిగిన’ అన్న ప్రయోగం. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరు కోసం వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసే స్త్రీ పక్కవారితో మాటలాడుతూనే ఉన్నా చేయి తప్పదు. నేర్చుకొన్న నాడు ప్రతి కదలికకూ కావలసి వచ్చిన సంకల్పం ఇప్పుడు అక్కరలేదు, కనుకనే ఆమెను చేయి తిరిగిన మనిషి అంటాము. అక్కడ ‘తిరిగిన’ అన్న క్రియకు కర్త చేయి, మనిషి కాదు.