అద్దెకిచ్చిన ఇంటికి ఇన్సూరెన్స్: మూడు గంటలుగా తల పట్టుకుని కూర్చున్నా

సింగ్‌నగర్ ఇంటాయన: విజయవాడ సింగ్‌నగర్‌లో మాకో రెండంతస్తుల ఇల్లుంది, మొత్తం 2,200 అడుగులు, అద్దెకిచ్చాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు కింద భాగం మునిగింది. స్విచ్‌బోర్డుకు జానెడు పైన నీటి చార, రెండుసార్లు రంగు వేయించినా మళ్ళీ తేలుతోంది. ఈసారైనా ఇన్సూరెన్స్ ఉండాలని చూస్తుంటే ప్రీమియం ఒకచోట 3,400, ఇంకోచోట 9,800 చూపిస్తోంది. రెండిట్లోనూ ఇంటి విలువ కోటీ ఇరవై లక్షలనే కొట్టా. చవగ్గా ఏది తీసుకోవాలో ఒక్క ముక్కలో చెప్పండి బాబూ.

కృష్ణలంక: ఏజెంటును పట్టుకోండి.

గోదారి గట్టు: ఇన్సూరెన్స్ సరే, అగ్రిమెంటు ఉందా? పదకొండు నెలలకు స్టాంపు పేపరు మీద రాయించి బీరువాలో పడేస్తే అయిపోయిందనుకుంటారు అందరూ. మా బావమరిది అలాగే అనుకున్నాడు. అద్దెకున్నాయన ఆరు నెలలు ఎగ్గొట్టి, ఫ్యాన్లు కూడా విప్పుకుపోయాడు. అడ్వాన్సు ఎంత తీసుకున్నారు?

సింగ్‌నగర్ ఇంటాయన: అన్నా, నేనడిగింది అది కాదు.

లెక్కల మాస్టారు: కోటీ ఇరవై ఎక్కడి లెక్కండీ? స్థలం ధర కలిపేసినట్టున్నారు. వరదొస్తే గోడలు పోతాయిగానీ స్థలం ఎక్కడికీ పోదు. ఇల్లు మళ్ళీ కట్టడానికి ఎంతవుతుందో అంతే వేయాలి. రెండంతస్తులూ కలిపి 2,200 అడుగులు, అడుగుకు 1,800 అనుకుంటే 39 లక్షల 60 వేలు. 'భారత్ గృహ రక్ష' అని 2021 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ అమ్ముతున్న ఒకే రకం పాలసీ ఉంది. వరద, తుపాను, అగ్నిప్రమాదం అన్నీ అందులోనే. నష్టం వల్ల ఇల్లు ఉండటానికి పనికిరాకపోతే పోయిన అద్దె కూడా ఇస్తారు. 'కంటెంట్స్' (ఇంట్లో సామాను) టిక్ తీసేయండి. అద్దెకున్నవాళ్ళ సామాను మీ పాలసీ కిందకు రాదు.

ప్లింత్ ఏరియా: మాస్టారూ, 2,200 అనేది ప్లింతా (గోడల మందంతో కలిపి), కార్పెట్టా (గోడలు వదిలేసి లోపలి నేల)? నేను ముప్ఫై ఏళ్ళుగా ఎస్టిమేట్లు రాస్తున్నా. కట్టుబడి ఖర్చు ఎప్పుడూ ప్లింత్ మీదే.

లెక్కల మాస్టారు: మీ ఎస్టిమేటు వేరు, పాలసీ వేరు. అందులో కార్పెట్ ఏరియా అని స్పష్టంగా ఉంది.

ప్లింత్ ఏరియా: అంటే గోడల మందం గాల్లో కట్టారా?

లెక్కల మాస్టారు: గోడల ఖర్చు అడుగు రేటులోనే కలుస్తుందండీ. అయినా ఆయన సందేహం అది కాదుగా.

కృష్ణలంక: 9,800 ఎన్నేళ్ళకు?

సింగ్‌నగర్ ఇంటాయన: అయ్యో, మూడేళ్ళకట. కింద చిన్నక్షరాల్లో ఉంది. ఇంకోటి, బ్యాంకువాళ్ళు లోను ఇచ్చేటప్పుడే ఇన్సూరెన్స్ కట్టించుకున్నారు. అది ఉన్నట్టేనా?

లెక్కల మాస్టారు: కాగితం తీసి చూడండి. చాలావరకు అది మీ ప్రాణానికి. మీకేమైనా అయితే లోను తీరుతుంది, గోడ కూలితే పైసా రాదు. ఇల్లు అద్దెకిచ్చినట్టు ప్రపోజల్ ఫారంలో తప్పకుండా రాయించండి. పైనా కిందా కుటుంబాలేగా ఉంటున్నది?

సింగ్‌నగర్ ఇంటాయన: పైన కుటుంబం. కింద టిఫిన్ సెంటర్.

కృష్ణలంక: ఇది మొదటే చెప్పాలి.

లెక్కల మాస్టారు: గృహ రక్ష నివాసానికేనండీ. కింది కొట్టు భాగానికి 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' లాంటి చిన్న వ్యాపారాల పాలసీ వేరేగా తీసుకోవాలి. రెండూ ఒకే కంపెనీలో అడగండి. గ్యాస్ సిలిండర్లతో వంట జరుగుతుందని దాచొద్దు. రేపు క్లెయిం దగ్గర నష్టం లెక్కగట్టే సర్వేయరు వచ్చి మొదట చూసేది ఆ పొయ్యినే.

గోదారి గట్టు: టిఫిన్ సెంటరా! అయితే అగ్రిమెంటు కమర్షియల్‌గా రాయించారా లేదా? అందుకే మొదట్నుంచీ అడుగుతున్నా.

సింగ్‌నగర్ ఇంటాయన: రాయించలేదన్నా, మా పిన్ని కొడుకే నడుపుతున్నాడు. సరే, రేపు రెండూ అడుగుతా. థాంక్స్ మాస్టారూ.

ప్లింత్ ఏరియా: కార్పెట్ అన్నారు, మరి మెట్లూ బాల్కనీ ఎందులో కలుపుతారు?