‘వాకిట్లో పేదవాడు’ చరణం పిల్లలకు నేర్పాలా?

అందరికీ వందనాలు. చెన్నైలో మా పెరంబూరు తెలుగు సంఘం సండే స్కూల్లో ‘ఆల్ థింగ్స్ బ్రైట్ అండ్ బ్యూటిఫుల్’ అనే ఇంగ్లిష్ కీర్తన నేర్పిస్తున్నాను. ఒక పాత పుస్తకంలో అదనంగా ఓ చరణం దొరికింది: కోటలో ధనవంతుడు, అతని వాకిట్లో పేదవాడు, ఇద్దరినీ ఎక్కువ తక్కువలుగా పుట్టించి వాళ్ల స్థితిని నిర్ణయించింది దేవుడేనట. కొత్త పుస్తకాల్లో ఇది లేదు. నేర్పాలా, వదిలేయాలా?

జవాబు: వదిలేయండి అక్కా. 1906 నాటి ‘ఇంగ్లిష్ హిమ్నల్’ అనే చర్చి కీర్తనల పుస్తకంలోనే దాన్ని తీసేశారు. దీన్ని రాసిన ఐర్లండు రచయిత్రి సెసిల్ ఫ్రాన్సెస్ అలెగ్జాండర్ ఈ పాట ఉన్న పిల్లల కీర్తనల పుస్తకాన్ని 1848లో వేశారు. అప్పుడు ఐర్లండులో బంగాళాదుంప పంట తెగులుతో పోయి, జనం ఆకలితో చచ్చిపోతున్నారు. కౌలు కట్టలేనివాళ్లను ఇళ్లలోంచి గెంటేస్తున్నారు. ఆ ఏడు ‘ఇది దేవుడి ఏర్పాటు’ అని పిల్లల చేత పాడించడం నాకు మింగుడుపడదు. మన సంఘాల్లో ఎంతోమంది తాతముత్తాతలు ఊరి బయట వాడల్లో బతికారు. ‘నీ చోటు ఇదే, దేవుడు పెట్టిందే’ అన్న మాట ఊళ్లో విని విని, అది కాదని చెప్పే చోటు వెతుక్కుంటూ సువార్త దగ్గరికి వచ్చారు. వాళ్ల మనవల నోట మళ్లీ అదే మాటా?

జవాబు: తమ్ముడూ, పాడించొద్దన్న మాటకు నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ అలెగ్జాండర్ గారిది రాతిగుండె అనుకోకండి. ఆ పుస్తకం మీద వచ్చిన డబ్బు ఐర్లండులోని స్ట్రబేన్ ఊళ్లో చెవిటి పిల్లల బడికి ఇచ్చారు. విశ్వాస ప్రమాణంలోని (ఆరాధనలో క్రైస్తవులు తమ నమ్మకాన్ని చెప్పుకునే వాక్యాలు) మాటలు పిల్లలకు అర్థం కావాలనే ఆ కీర్తనలు రాశారు. ఈ పాట సృష్టికర్త గురించిన మాటకు, ‘వన్స్ ఇన్ రాయల్ డేవిడ్స్ సిటీ’ క్రీస్తు జననానికి, ‘దేర్ ఈజ్ ఎ గ్రీన్ హిల్’ సిలువ శ్రమకు. బైబిలు అంతగా తెలిసిన మనిషి కాబట్టే నాకు బాధ. ధనవంతుడి వాకిట్లో పేదవాడు లూకా సువార్త 16వ అధ్యాయంలో ఉన్నాడు కదా, లాజరు! అక్కడ ధనవంతుడు చివరికి యాతనలో పడతాడు. ఈ చరణంలో ఆ సగం లేదు. ఉన్న స్థితే దేవుడి చిత్తం అన్నట్టు ఆగిపోయింది.

జవాబు: ఇద్దరికీ వందనాలు. చిన్నపిల్లలకు పువ్వులు, పిట్టలు, కొండలు ఉన్న చరణాలు చాలు. పెద్ద క్లాసు పిల్లలతో ముందు లూకా 16 చదివించి, తర్వాత ఈ చరణం బోర్డు మీద రాసి, ఏం తేడా ఉందో వాళ్లనే అడుగుతాను.