లుక్ ఫార్వర్డ్ టు తర్వాత ఏం రాయాలి?

అందరికీ నమస్కారం. నేను తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు ఆఫీసులో మెయిల్స్ ఇంగ్లీషులోనే రాయాలి, రోజూ టెన్షనే.

లుక్ ఎట్ అంటే చూడటం, లుక్ ఫర్ అంటే వెతకడం, లుక్ ఆఫ్టర్ అంటే బాగోగులు చూసుకోవడం. ఇవి అర్థమయ్యాయి. మనకూ చూడు, చూసుకో, ఎదురుచూడు వేరువేరే కదా. లుక్ డౌన్ ఆన్ అంటే చిన్నచూపు చూడటమని తెలిసినప్పుడైతే అచ్చం మన మాటలాగే అనిపించి భలే సంతోషం వేసింది.

తికమకంతా లుక్ ఫార్వర్డ్ టు (ఆశగా ఎదురుచూడటం) దగ్గరే. దాని తర్వాత 'హియర్' (వినడం) అని రాస్తే మా టీమ్ లీడర్ 'హియరింగ్' అని దిద్దారు. వాంట్ టు తర్వాత మాత్రం 'హియర్' సరైనదేనట. రెండుచోట్లా ఉన్నది 'టు'నే కదా, ఎందుకీ తేడా? బట్టీ పట్టకుండా గుర్తుపట్టే పద్ధతి ఉంటే ఉదాహరణతో చెప్పగలరా?